అడ్మిషన్ రోజే చెప్పండి: సైకాలజీ, చైల్డ్ డెవలప్‌మెంట్ విభాగాలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోని సైకాలజీ, చైల్డ్ డెవలప్‌మెంట్ శాఖాధిపతులకు, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. మా దగ్గర బి.ఏ. అయిన పిల్లలు పీజీకి మీ దగ్గరికి వస్తారు. రెండేళ్లు తిరిగేసరికి వాళ్లలో కొందరు ఎం.ఏ. పట్టా పట్టుకుని మళ్లీ మా స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడతారు. కబుర్లన్నీ అయ్యాక అసలు సంగతి బయటికొస్తుంది. "మేడమ్, నేనిప్పుడు సైకాలజిస్టునేనా? బోర్డు పెట్టుకోవచ్చా?"

రెండేళ్లు మీ తరగతుల్లో కూర్చున్నాక కూడా ఈ ప్రశ్న మిగిలిందంటే అందుకు పిల్లల తెలివిని అనుమానించక్కర్లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ప్రాస్పెక్టస్‌లో "ఆసుపత్రులు, పాఠశాలలు, పరిశ్రమలు, స్వచ్ఛంద సంస్థల్లో విస్తృత అవకాశాలు" అని ఒక వాక్యం అచ్చేస్తారు. ఏ పట్టాతో ఏ పనికి అర్హత వస్తుందో, ఏ పనికి రాదో అందులో ఉండదు. ఈ లేఖలో నేను అడిగేది ఆ ఒక్కటే. ఏ చదువు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఫీజు కట్టించుకోకముందే చెప్పండి.

చట్టం సంగతితో మొదలుపెడతాను. 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు రిజిస్ట్రేషన్ ఉన్న వృత్తి నిపుణుడు. కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి, సెంట్రల్ రీహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్నాకే ఆ హోదాలో ప్రాక్టీసు చేయాలి. కాదని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా అంకె చూస్తే నవ్వొస్తుంది, ఆ పక్కనున్న జైలు మాటకు మాత్రం నవ్వు రాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో విడిగా నిర్వచించింది. ఆర్‌సీఐ గుర్తించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీలో అర్హత ఉండాలి. లేదా సైకాలజీ పీజీ మీద, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్ ఉండాలి. మామూలు ఎం.ఏ. సైకాలజీ, ఎమ్మెస్సీ సైకాలజీ ఈ నిర్వచనంలోకి రావు. యూనివర్సిటీ ఎంత పాతదైనా, గోల్డ్ మెడల్ వచ్చినా రావు.

ఇది మీకు తెలియనిదని కాదు. మీలో చాలామంది తరగతి గదిలో ఏదో ఒక సందర్భంలో చెప్పే ఉంటారు. అయితే అది ఏ నాలుగో సెమిస్టర్‌లోనో, వైవా అయిపోయాక "ఇప్పుడు ఎం.ఫిల్‌కు ప్రిపేర్ అవ్వమ్మా" అన్న సలహా రూపంలో వస్తోంది. అప్పటికి చేతులు కాలాయి, ఇక ఆకుల సంగతి.

ఆ ఎం.ఫిల్ మాత్రం కుదురుగా ఉందా? 2022 నవంబరులో యూజీసీ కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చి ఎం.ఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు ఆ ఎం.ఫిలే వృత్తి అర్హతకు ప్రధాన దారి అన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చినట్టుంది. 2024 జనవరిలో ఆ రెండింటికి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం దాకా అడ్మిషన్లు జరుపుకోవచ్చని మరో నోటీసు ఇచ్చింది. ఈలోగా ఆర్‌సీఐ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, దాని మీద పీఎస్‌వైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) వంటి కొత్త కోర్సులను ముందుకు తెచ్చింది. అంటే ఒక పిల్ల డిగ్రీ మొదటి ఏడాదిలో "బి.ఏ., ఎం.ఏ., ఎం.ఫిల్" అని నోటు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్న ప్లాను, ఆ పిల్ల డిగ్రీ పూర్తయ్యేలోగా రెండుసార్లు మారిపోయింది. ఎం.ఏ. సైకాలజీకీ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీకీ మధ్య పేరులో ఉన్నది ఒక్క మాట తేడా. లైసెన్సు విషయంలో అది ఆకాశానికీ భూమికీ ఉన్నంత. అదీ ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న ఎం.ఏ. క్లినికల్ అయితేనే. ఆ గుర్తింపు లేకుండా అదే పేరు పెట్టుకున్న కోర్సులో చేరితే పేరు మాత్రమే మిగులుతుంది.

దీనికి తోడు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆర్‌సీఐ కిందికి వచ్చే క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించి మిగతా సైకాలజిస్టులను ఈ చట్టం బిహేవియరల్ హెల్త్ విభాగంలో చేర్చింది. రేపు రాష్ట్ర కౌన్సిళ్లు పూర్తిగా పనిలోకి దిగితే మామూలు సైకాలజిస్టుకూ రిజిస్టర్, పాఠ్య ప్రమాణం, ప్రాక్టికల్ గంటల లెక్క అన్నీ వస్తాయి. మీ సిలబస్ ఆ లెక్కకు అందుతుందా? ఇది మీరు ఇప్పుడే కూర్చుని చూసుకోవాల్సిన పని.

ఈ చట్టం దెబ్బ ఒకటి ఇప్పటికే తగిలింది. 2025 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆదేశించింది. ఆ నిర్ణయం నాకు సబబుగానే తోచింది. మనిషి ఎదురుగా కూర్చోకుండా నేర్చుకునే చదువు కాదిది. కానీ దూరవిద్యలో సైకాలజీ చదివినవాళ్లు ఎవరు? ఉద్యోగం మానలేనివాళ్లు, పెళ్లయి పిల్లలు పుట్టాక చదువు మళ్లీ పట్టుకున్న ఆడవాళ్లు, బడుల్లో పదేళ్లుగా పాఠాలు చెబుతూ ఇటువైపు మళ్లుదామనుకున్న టీచర్లు. వాళ్లకు తలుపు మూసినప్పుడు రెగ్యులర్ సీట్లు పెంచాలనీ సాయంత్రం బ్యాచ్‌లు పెట్టాలనీ మీ వైపు నుంచి ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే మా దాకా ఆ మాట రాలేదు.

ఇక ఉద్యోగాలు. "ఈ చదువుకు ఉద్యోగాలెక్కడివి" అని తల్లిదండ్రులు అడిగినప్పుడు మనం నీళ్లు నమిలే రోజులు పోతున్నాయి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ దేశం మొత్తానికి వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్నట్టు చూపించగల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ కాలేజీలు, రెసిడెన్షియల్ క్యాంపస్‌లు, కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా?

ఆ మార్గదర్శకంలో బరువైన మాట ఒకటుంది. శిక్షణ ఉన్నట్టు చూపించగలగాలి. మన పిల్లలు ఏం చూపిస్తారు?

మా పాత విద్యార్థిని ఒకామె ఎం.ఏ. పూర్తికాగానే ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌గా చేరింది. గది ఇచ్చారు. అద్దాల గది, ప్రిన్సిపాల్ గది పక్కనే. లోపల కూర్చున్న పిల్లాడు ఏడుస్తుంటే వరండాలో పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. ఇంటర్వ్యూలోనే అడిగారట, "వారానికి రెండు ఇంగ్లీషు క్లాసులు కూడా చూసుకుంటారా, హాజరు తగ్గినవాళ్ల ఇళ్లకు ఫోన్లు చేస్తారా" అని. చేస్తానంది, ఇంకేం అంటుంది. చేరిన కొత్తలోనే ఒక కుర్రాడు మోచేతి మీద గీతలు చూపించి, "మా నాన్నకు చెప్పొద్దు మేడమ్" అన్నాడు. ఆ అమ్మాయి ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. ప్రాణానికి ముప్పు ఉందో లేదో తేల్చడానికి ఏం అడగాలి? గోప్యత ఎక్కడిదాకా, ఎక్కడ దాన్ని దాటి పెద్దవాళ్లకు చెప్పి తీరాలి? ఫైల్లో ఏం రాయాలి, ఆ ఫైలు ప్రిన్సిపాల్ అడిగితే ఇవ్వాలా? ఎవరి దగ్గరికి పంపాలి, పంపేటప్పుడు చీటీ ఎలా రాయాలి? అహం రక్షణ యంత్రాంగాలు ఎన్ని, వాటి పేర్లేమిటి అంటే ఆ అమ్మాయి నిద్రలో లేపినా చెబుతుంది. ఈ నాలుగు ప్రశ్నలకు మాత్రం ఆమె చదివిన రెండేళ్లలో ఒక్క పీరియడ్ కూడా లేదు.

మన ప్రాక్టికల్ రికార్డులు ఒకసారి తిరగేయండి. సమానమైన గీతలు పొడవూ పొట్టీగా కనిపించే ముల్లర్-లయర్ భ్రమ, అద్దంలో చూసి నక్షత్రం గీయడం, అవధాన విస్తృతి, ఒక చేత్తో నేర్చింది రెండో చేతికి ఎంత బదిలీ అవుతుందో చూడటం. నేను చదివిన రోజుల్లోనూ ఇవే. ముల్లర్-లయర్ గీత 1889 నాటిది. ప్రయోగం ఎలా చేయాలో నేర్పడానికి అవి మంచివే, నేనూ చేయిస్తాను. బి.ఏ.లో చాలు. ఎం.ఏ.లోనూ అవే చేయించి, సీనియర్ల రికార్డు జూనియర్లు ఎక్కించుకుని, గ్రాఫు కూడా అదే గ్రాఫు అయితే ఆ సంతకం ఎవరి కోసం? పిల్లల తెలివిని అంచనా వేసే సెగ్విన్ ఫారం బోర్డు ముందు ఒక పిల్లాణ్ని కూర్చోబెట్టి, వాడు చెక్క ముక్కను ఏ గుంటలో పెడుతున్నాడో, తప్పినప్పుడు ఏం చేస్తున్నాడో చూసి రాసిన పీజీ విద్యార్థులు మన దగ్గర ఎంతమంది? ఆటిజం ధ్రువీకరణకు దేశమంతా వాడే ఐసా స్కేలు తయారైంది మన సికింద్రాబాద్‌లో మేధో వైకల్యమున్నవారి కోసం నడిచే జాతీయ సంస్థలోనే. ఇవాళ దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ. నలభై అంశాల ఆ స్కేలును ఇదే నగరంలో చదివే ఎం.ఏ. విద్యార్థి కంటితో చూడకుండా పట్టా పుచ్చుకోగలుగుతున్నాడు.

ఇప్పుడు చైల్డ్ డెవలప్‌మెంట్ పిల్లల గురించి. హోంసైన్స్ కాలేజీల్లో హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్ అనే పేరుతో చదివే వీళ్ల గురించి ఎక్కువ రాయాలనిపిస్తోంది. సైకాలజీ వాళ్ల గోడు ఎవరో ఒకరు వింటారు. వీళ్లను చూసి "హోంసైన్సా? వంటలు, కుట్లు నేర్పుతారా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని అంగన్‌వాడీలో ఫీల్డ్ వర్క్ చేస్తుంటే చూడటానికి వెళ్లాను. రెండున్నరేళ్ల బాబు చాప అంచున కూర్చుని బొమ్మ లారీ చక్రాన్ని వేలితో తిప్పుతున్నాడు. ఆ అమ్మాయి వాడి వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది. తిరగలేదు. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టింది, వెంటనే తిరిగాడు. అంటే వినికిడి ఉంది. కిటికీ వైపు వేలు చూపించి "అదిగో కాకి" అంది. వాడు ఆ వేలినే చూశాడు, వేలు చూపించిన చోటికి చూపు పోలేదు. తల్లి నవ్వుతూ "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయండీ" అంది. ఆ అమ్మాయి తల్లిని భయపెట్టలేదు, రోగం పేరూ పెట్టలేదు. వాడు తనకు కావాల్సింది ఎలా అడుగుతాడు, వేరే పిల్లల దగ్గరికి పోతాడా అని కుశల ప్రశ్నల్లా అడిగి, అన్నీ తారీఖు వేసి రాసుకుంది. మూడేళ్లలోపే చూసి పట్టుకోవలసిన సంగతులివి. ఎక్కడో పెద్ద ఆసుపత్రిలో ఆరేళ్లప్పుడు తేలేదాన్ని ఆ అమ్మాయి అంగన్‌వాడీ చాప మీదే గమనించింది.

బయటికొచ్చాక నన్ను అడిగింది, "మేడమ్, వీళ్లను ఎక్కడికి పంపాలి?"

జిల్లా కేంద్రాల్లో డైక్ అని ఉంటుంది. జిల్లా సత్వర చికిత్సా కేంద్రం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో లోపాలు, ఎదుగుదల ఆలస్యాలు గుర్తించి పంపేది అక్కడికే. ఆ కేంద్రం సిబ్బంది నమూనాలో పిల్లల డాక్టరుతో పాటు సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఎర్లీ ఇంటర్వెన్షనిస్టు, సోషల్ వర్కర్ పోస్టులున్నాయి. ఈ చదువు చదివిన అమ్మాయికి దాని పేరు తెలియకపోవడం చూసి నాకు కోపమొచ్చింది, ఆ అమ్మాయి మీద కాదు. పిల్లల్ని పంపించాల్సిన చోటూ అదే, రేపు తను ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకోదగ్గ చోటూ అదే.

అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. 1975 అక్టోబరు 2న మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీవో (ప్రాజెక్టు అధికారి) పోస్టుల నోటిఫికేషన్లలో హోంసైన్స్ పట్టాకు చోటుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. ఆ శిక్షణ ఇవ్వగలిగేది ఎవరు? మీ దగ్గర చదివినవాళ్లు. బాల న్యాయ చట్టం కింద, పదహారేళ్లు దాటిన పిల్లలు ఘోర నేరంలో చిక్కినప్పుడు చేసే ప్రాథమిక మదింపుకు జువెనైల్ జస్టిస్ బోర్డు, అనుభవమున్న సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్ల విషయంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు అన్న నిష్పత్తి 2021లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అందుకు ఆర్‌సీఐ గుర్తించిన స్పెషల్ బి.ఎడ్. లాంటి అర్హత, రిజిస్టర్‌లో పేరు ఉండాలి. ఎమ్మెస్సీ ఒక్కటే చాలదు. ఇదీ ఎవరూ చెప్పడం లేదు.

పరిశోధన వైపు వెళ్లేవాళ్ల సంగతి కొంత నయం. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023లో పెంచిన లెక్కన నెలకు 37,000 రూపాయలు. 75 శాతం మార్కులతో నాలుగేళ్ల డిగ్రీ ఉంటే ఎం.ఏ. లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంది. హెచ్‌ఆర్ వైపు వెళ్లేవాళ్లకు దారి వాళ్లే చూసుకుంటున్నారు, వాళ్ల గురించి నాకు బెంగ లేదు.

విదేశాలకు వెళ్లేవాళ్ల గురించి మాత్రం ఒక మాట. అమెరికాలో పీహెచ్‌డీకి చాలాచోట్ల ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి, పీఎస్‌వైడీకి ఎక్కువగా చేతి డబ్బు పెట్టుకోవాలి. లైసెన్సు మళ్లీ రాష్ట్రం రాష్ట్రానికీ వేరు. బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరుండాలి, ఏడాది మాస్టర్స్‌తో అది రాదు. ఆ ఏడాది మాస్టర్స్ చేసి వచ్చినవాళ్లకు ఇక్కడ ఆర్‌సీఐ రిజిస్ట్రేషనూ దానంతటది రాదు. కన్సల్టెన్సీ వాళ్లు ఈ సంగతులు చెబుతారని ఆశపడటం అమాయకత్వం. వాళ్ల వ్యాపారం వీసాతో అయిపోతుంది. చెప్పాల్సింది సిఫారసు లేఖ రాసే మీరూ నేనూ.

మనం వదిలేసిన ఖాళీలోకి ఎవరు వస్తున్నారో చూస్తున్నారు కదా. ఆరు వారాల "చైల్డ్ సైకాలజీ నిపుణుల" సర్టిఫికెట్లు, వారాంతపు "థెరపిస్టు" శిక్షణలు, బంగారు అంచు ముద్రలు. డిగ్రీ చేసిన పిల్లలు అప్పు చేసి అవి కొంటున్నారు. కొన్నాక పేరు ముందు ఏదో ఒకటి తగిలించుకుని కేసులు చూస్తున్నారు. అవతలి కుర్చీలో కూర్చునేది ఎవరి పిల్లలో ఆలోచించండి.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో పనిలేనివి. ప్రతి కోర్సుకూ ఒక్క పేజీ కాగితం ఉండాలి, తెలుగులో ఉండాలి. ఈ పట్టాతో చట్టప్రకారం చేయగల పనులు, చేయకూడనివి, దీని మీద ఇంకేం చదివితే ఏ రిజిస్టర్‌లోకి వెళ్లొచ్చో రాసి, కింద శాఖాధిపతి సంతకం పెట్టి అడ్మిషన్ ఫారంతో పాటు చేతికివ్వండి. నిబంధనలు మారుతున్నాయి కాబట్టి ఏటా తిరగరాయండి. గత అయిదేళ్ల బ్యాచ్‌లు ఇప్పుడెక్కడ ఏం చేస్తున్నాయో పేర్లు లేకుండా ఆ కాగితం వెనక వేయండి. పెళ్లి చేసుకుని ఇంట్లో ఉన్నవాళ్లను, బ్యాంకు పరీక్షలకు మళ్లినవాళ్లను కూడా లెక్కలో చూపించండి, దాచొద్దు. ఎం.ఏ. ప్రాక్టికల్స్‌లో సగమైనా తీసి ఆ స్థానంలో డైక్‌లోనో, ప్రభుత్వ బడిలోనో, జిల్లా బాలల సంరక్షణ విభాగంలోనో పర్యవేక్షకుడి సంతకంతో ఫీల్డ్ గంటలు పెట్టండి. రేపు ఎవరైనా "శిక్షణ చూపించు" అంటే పిల్లలు చూపించేది ఆ గంటల పుస్తకమే. ప్రమాద సూచనలు గుర్తించడం, రిఫరల్ చీటీ రాయడం, ఫైలు నిర్వహించడం, గోప్యత హద్దులు, ఈ నాలుగింటికీ ఒక పేపరు కేటాయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 నంబరు కూడా తెలియని కౌన్సెలర్లను బడులకు పంపొద్దు.

చైల్డ్ డెవలప్‌మెంట్, సైకాలజీ విభాగాలు ఒకే ఊళ్లో ఉన్నచోట కూడా ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ఒకరు ఆర్ట్స్ అని, ఇంకొకరు వ్యవసాయ వర్సిటీ అని. చైల్డ్ డెవలప్‌మెంట్ వాళ్లకు మూడేళ్ల పిల్లాడి దగ్గర చాప మీద కూర్చోవడం వచ్చు, సైకాలజీ వాళ్లకు పరీక్షల స్కోర్లు వేయడం వచ్చు. ఫీల్డ్ వర్క్ కలిపి పెడితే రెండు వైపులా లాభమే. ఇది ఎందుకు జరగదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా కాలేజీ బి.ఏ. కోర్సుకు ఆ ఒక్క పేజీ కాగితం నేను రాసి పెట్టుకున్నాను. ఈ లేఖతో పాటు అదీ మీ కార్యాలయాలకు పోస్టు చేస్తున్నాను. తప్పులుంటే దిద్దండి, మీ కోర్సులకు తగ్గట్టు మార్చుకోండి. వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం అజెండాలో దీన్ని ఒక అంశంగా చేర్చి, ఏం నిర్ణయించారో మినిట్స్ ప్రతి అనుబంధ కాలేజీలన్నింటికీ పంపించండి. పీజీ అడ్మిషన్ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు పంపితే మా చివరి ఏడాది పిల్లలకు ఆప్షన్లు పెట్టుకునే ముందే చదివి వినిపిస్తాను.

భవదీయురాలు,
ఒక డిగ్రీ కాలేజీ సైకాలజీ అధ్యాపకురాలు